బెల్లు కొట్టని మనిషి

మా ఆస్పత్రి వరండా గోడ నిండా ఫొటోలున్నాయి. కట్టించినవాళ్ళవి, కట్టించామని చెప్పుకున్నవాళ్ళవి, రిబ్బను కత్తిరించి టీ తాగి వెళ్ళిపోయినవాళ్ళవి. ఏకాంబరం ఫొటో మాత్రం లేదు. పెట్టమని నేను అడగడమూ లేదు. అటెండర్ల ఫొటోలు కూడా పెట్టుకుంటూ పోతే గోడలు ఎక్కడ చాలతాయని మా మేనేజరు అంటాడు, ఆయన బాధ ఆయనది. కానీ ఆ మనిషి సంగతి నాకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలియదు. నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరు. చెబితే నాకే తలవంపులు. అయినా చెబుతాను.

నా పేరు భువనేశ్వరి. ఎమ్మారై మెషీను నడిపే టెక్నీషియన్ని. మాది ఈ పట్నంలోనే చూలై అనే పేట. మా ముత్తాతలకు ముత్తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఏకాంబరం కూడా చూలైవాడే. మా వీధికి రెండు వీధుల అవతల వాళ్ళ నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. నేను గౌను వేసుకుని బడికి వెళ్ళే రోజుల నుంచీ ఏకాంబరం నన్ను ఎరుగును. అందుకే నలుగురిలో ఉన్నప్పుడు నన్ను మేడం అనేవాడు, ఎవరూ లేనప్పుడు పాపా అనేవాడు. నేను ఎక్కడైనా అన్నా అనే అనేదాన్ని.

వాళ్ళ నాయన కొలిమి పొగకు ఊపిరితిత్తులు చెడి మా ఆస్పత్రిలోనే పోయాడు. అప్పుడు ఎవరో పెద్ద డాక్టరు జాలిపడి పద్దెనిమిదేళ్ళ కొడుకుని పనిలో పెట్టుకున్నాడు. పని ఏమిటంటే, డాక్టరు గది బయట స్టూలు మీద కూర్చోవడం, లోపల బెల్లు మోగితే లేచి వెళ్ళడం. ఒకసారి మోగితే టీ గానీ ఫైలు గానీ. రెండుసార్లు మోగితే తరువాతి పేషెంటు. ఆగకుండా మోగితే తిట్లు. మోతను బట్టి లోపల కొట్టింది ఎవరో చెప్పేసేవాడు. బెల్లు ఆగేలోపల కాళ్ళ మీద నిలబడి ఉండేవాడు. ఆ అలవాటు ఇంటికి కూడా పోయింది. వీధిలో ఐసు బండి గంట మోగినా ఈయన కాళ్ళు చెప్పులు వెతుక్కుంటాయని ఆయన భార్య మునెమ్మ వెక్కిరించేది. మునెమ్మ అట్టపెట్టెలు అంటించే షాపులో పని చేసేది. నోరున్న మనిషి. మొగుడు మాట్లాడాల్సినవి కూడా తనే మాట్లాడేది.

తొంభైమూడులో ఎమ్మారై వచ్చాక ఏకాంబరాన్ని ఆ గది గుమ్మం దగ్గర వేశారు. లోపల ఉన్నది పెద్ద అయస్కాంతం గదా, పేషెంటు ఒంటి మీద పిన్నీసు కూడా ఉండకూడదు. ఆడవాళ్ళ దగ్గర తాళి తీయించాలంటే మాకు చచ్చే చావుగా ఉండేది. ఏడ్చేవాళ్ళు, అత్తగారితో పోట్లాడేవాళ్ళు, స్కానూ వద్దు గీనూ వద్దని లేచిపోయేవాళ్ళు. ఏకాంబరం ఏం చేశాడంటే, సౌకార్‌పేట నుంచి పసుపు కొమ్ములూ పసుపుతాళ్ళూ తెచ్చి ఒక డబ్బాలో పెట్టుకున్నాడు. తాళి తీసేముందే ఇంకొకటి కట్టుకోమ్మా అని ఆ తాడు చేతికిచ్చి అటు తిరిగి నిలబడేవాడు. అప్పటి నుంచి ఒక్క ఆడమనిషి కూడా వెనక్కి పోలేదు. డాక్టర్లకు తట్టని ఉపాయం అది. దాని మీద ఎవరూ పేపరు రాయలేదు మరి.

పేపరు రాసింది డాక్టర్ శ్రీకుమార్. ఆయన పరిశోధన నొప్పి మీద. కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి కాలిలోనే ఉన్నట్టు మనకు అనిపిస్తుంది. కానీ ఆ కబురు నరాల వెంట వెన్నులోకి, వెన్నులోంచి మెదడులోకి వెళ్ళాకే మనిషి అబ్బా అంటాడట. దారిలో గేట్ల లాంటివి ఉంటాయట. కొందరికి తెరుచుకుని ఉంటాయి, కొందరికి మూసుకుని ఉంటాయి. కబురు మెదడుకు చేరిన చోట నెత్తురు కాస్త ఎక్కువ పారుతుంది. దాన్ని మెషీను పట్టుకుంటుంది. కంప్యూటరు రెండు మూడు రోజులు లెక్కలు వేశాక ఆ చోటు ఫిల్ము మీద తెల్లని మచ్చగా కనబడుతుంది. ఇంకొకరి నొప్పిని కంటితో చూడడం ఈ దేశంలో ఎంతమందికి దక్కింది భువనేశ్వరీ అని ఆయన నాతో అన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించిన మాట నిజం. శ్రీకుమార్ చెడ్డవాడు కాదు. గొంతు పెంచేవాడు కాదు. నన్ను ఎప్పుడూ మీరు అనే పిలిచేవాడు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

తొంభైయారులో ఆయనకు ఒక ప్రశ్న పుట్టింది. ఒళ్ళు వంచి పని చేసేవాళ్ళకూ, కూర్చుని చదువుకునేవాళ్ళకూ నొప్పి ఒకటేనా? దానికోసం పన్నెండు మంది వైద్య విద్యార్థులు, పన్నెండు మంది కూలిపని చేసేవాళ్ళు కావాలన్నాడు. ముంజేతి మీద చిన్న ఇత్తడి బిళ్ళ కట్టి, గొట్టంలోంచి వేడినీళ్ళు పంపి, అర డిగ్రీ అర డిగ్రీగా వేడి పెంచుతాం. మనిషి మెషీనులో పడుకుని ఉంటాడు. చేతిలో రబ్బరు బుడ్డి ఉంటుంది. ఓర్చుకోలేనప్పుడు దాన్ని పిసికితే అద్దం ఇవతల మా గదిలో బెల్లు మోగుతుంది. మేం వెంటనే వేడి ఆపేస్తాం. బెల్లు ఎన్ని డిగ్రీల దగ్గర మోగిందో రాసుకుంటాం. అయస్కాంతం దగ్గర ఇనుము పనికిరాదు గనక ఇత్తడితో చేయించాలంటే, ఆ బిళ్ళ కూడా ఏకాంబరమే చూలైలో తన సావాసగాడి షాపులో తిప్పించి, పేపర్లో చుట్టి తెచ్చిచ్చాడు.

విద్యార్థులు నలభై అయిదు, నలభై ఆరు డిగ్రీల దగ్గర బెల్లు కొట్టేశారు. ఒకడైతే బిళ్ళ కట్టగానే కొట్టాడు. ఇంకా నీళ్ళే వదల్లేదు నాయనా అంటే సారీ మేడం అన్నాడు. తరువాత కూలివాళ్ళ వంతు. మొదటి మనిషి ఎవరు? గుమ్మంలోనే ఉన్నాడు గదా ఏకాంబరం.

ఆయన్ని నేనే పడుకోబెట్టాను. అన్నా, తల మటుకు కదపొద్దు, వెంట్రుకవాసి కదిలినా బొమ్మ పాడైపోతుంది, తాళలేకపోతే ఈ బుడ్డి పిసుకు అని చెప్పాను. సరి పాపా అన్నాడు. నలభై ఆరు దాటింది. నలభై ఏడు. నలభై ఎనిమిది. బెల్లు లేదు. నలభై తొమ్మిది దాటించకూడదని మా నియమం గనక అక్కడ మేమే ఆపాం. ఇంకో రెండుసార్లు చేశాం. రెండుసార్లూ అంతే. బయటికి వచ్చాక, సున్నా నుంచి పది వరకు లెక్కపెట్టి నొప్పి ఎంతో చెప్పు ఏకాంబరం అని డాక్టరు అడిగాడు. పరవాలేదు సార్, ఒక రెండు పెట్టుకోండి అన్నాడు. పెట్టుకున్నాం.

మూడో రోజు ఫిల్ము వచ్చింది. లైటు పెట్టె మీద పెట్టి చూసి నేను నోరు తెరిచాను. మెదడులో నొప్పి చేరే చోట్లన్నీ వెలిగిపోతున్నాయి. విద్యార్థులలో ఒక్కడికి కూడా అంత తెలుపు లేదు. డాక్టరు చాలాసేపు చూశాడు. బెల్లు కొట్టలేదు, రెండే అన్నాడు, ఇక్కడేమో ఇంత మచ్చ. రెండూ కుదరడం లేదు. తల కదిలినా ఇలాంటి దొంగ తెలుపు వస్తుంది భువనేశ్వరీ, కదిలాడా అని అడిగాడు. అద్దంలోంచి ఆయన తలను చూస్తూ కూర్చున్నది నేను. ఆ తల రాతి బొమ్మలాగా ఉంది. కానీ అప్పటికి నాది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు కాగితం మీద సంతకం చేయాల్సింది శ్రీకుమారే. ఆయన ముఖంలో ఏ జవాబు కావాలో కనబడుతూనే ఉంది. కదిలి ఉండొచ్చు సార్ అన్నాను. అయితే రాసెయ్యండి అన్నాడు. ఫిల్ము మూల తెల్ల పెన్సిలుతో, పేషెంటు కదిలాడు అని రాసి పనికిరాని వాటిలో పడేశాను. డిస్కుల కరువు రోజులు అవి. కంప్యూటరులో ఉన్నదాన్ని చెరిపేసి దాని మీదే వేరేవాళ్ళది ఎక్కించాం. మనిషి చెప్పిన రెండు నిలిచింది. మెదడు చెప్పింది పోయింది.

మిగిలిన పదకొండు మందిని ఏకాంబరమే పోగుచేశాడు. సౌకార్‌పేటలో మూటలు మోసేవాళ్ళు, మనలి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు, మా ఆస్పత్రి ఊడ్చే తోటీలు. అందరూ అంతే. నలభై తొమ్మిదైనా బెల్లు మోగదు. డాక్టరు ముఖం వెలిగిపోతోంది. నాలుగో మనిషి నాగలింగం అని మనలివాడు. అతను వచ్చిన రోజు నేను నీళ్ళకని బయటికి వెళితే, వరండాలో ఏకాంబరం అతనికి పాఠం చెబుతున్నాడు. ఆ బుడ్డి చేతిలో పెడతారు, ముట్టొద్దు, మర్యాదగా ఉండు, నా పేరు చెడగొట్టొద్దు అని. నాగలింగాన్ని లోపలికి పంపి ఏకాంబరాన్ని పక్కకు పిలిచాను.

"ఎందుకన్నా ముట్టొద్దంటా ఉండావు? తాళలేకపోతే పిసకమనే గదా ఇచ్చేది?"

"అది మోగితే ఎవరు లేసి రావాల పాపా? డాక్టరు. ఇరవై రెండేండ్లుగా డాక్టర్లు కొడితే నేను పోయినోడిని. నేను కొట్టి ఆయన్ని లేపేదా?"

"మరి నీకు కాలలేదా?"

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బిళ్ళ పెట్టినచోట బొబ్బ లేచి, చితికి, పొక్కు కట్టి ఉంది.

"కాలకుండా ఎట్ట ఉంటాది? కొలిమికాడ పెరిగినోడిని, నాకు తెలవదా? అయినా ఎంత చాలునో సారుకు తెలవదా ఏంది. ఆయనే ఆపతాడు."

అప్పుడు నేను లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సార్, వీళ్ళకు నొప్పి లేక కాదు, బెల్లు కొట్టడం మర్యాద కాదని కొట్టడం లేదు అని. పన్నెండు మాటలు కూడా కావు. నేను నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇంకా ఎనిమిది మంది మిగిలి ఉన్నారు, ఇప్పుడు చెబితే మొత్తం మొదటికొస్తుంది, డాక్టరుకు కోపం వస్తుంది, నా కాగితం ఆగుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. కందకు దురద లేదని ఎవరు చెప్పారు? అడిగిందెవరు?

తొంభైయేడులో పేపరు ఏదో విదేశీ పత్రికలో వచ్చింది. కాయకష్టం చేసేవాళ్ళకు నొప్పి గేట్లు గట్టిగా మూసుకుని ఉంటాయని సారాంశం. రాసినవాళ్ళ పేర్లలో నాది నాలుగోది. నా ఉద్యోగం పర్మనెంటైంది. మా అమ్మ వీధి మొత్తానికి కేసరి పంచింది. ఏకాంబరం ఇంటికి కూడా ఇచ్చి వచ్చింది. పాపకు మంచి జరిగిందని ఆయన ఎంత సంతోషించాడో మునెమ్మ తరువాత చెప్పింది.

ఆ పేపరు చూపించి శ్రీకుమార్ నొప్పి వార్డు ఒకటి తెరిపించాడు. పద్నాలుగు మంచాలు, చాలావరకు కాన్సరు వాళ్ళు. మార్ఫిన్ మాత్రలు ఆ రోజుల్లో దొరకడమే గగనం. లైసెన్సులు, తాళాలు, పోలీసు భయం. ఉన్న కాస్తా ఎవరికి ఎంత ఇవ్వాలన్నదానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పొద్దునా సాయంత్రం అందరికీ ఒక మొదటి మోతాదు ఉంటుంది. కూలిపని చేసినవాళ్ళకు అందులో సగం, ఎందుకంటే పేపరులో తేలింది గదా. ఆ పైన నొప్పి వస్తే పేషెంటు బెల్లు కొట్టాలి. ఎన్ని బెల్లులు కొట్టాడో చార్టులో రాస్తారు. దాన్ని బట్టి మరునాడు మోతాదు పెరుగుతుంది. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు గదా, దాన్నే ఆయన ఇంగ్లీషులో చార్టు గీసి పెట్టాడు. ఆ వార్డు సిస్టరు లూర్దుమేరి. ఆమె కింద అటెండరు ఏకాంబరం. ఏ మంచం బెల్లు మోగినా లూర్దుమేరి తల ఎత్తకుండా ఏకాంబరం, ఎవరో చూడు అనేది. ఇదో వస్తా ఉండానక్కా అని ఆయన పరిగెత్తేవాడు.

తొంభైయెనిమిదిలో స్టోరు గది ఖాళీ చేయించారు. పాత ఫిల్ముల్లో వెండి ఉంటుంది, కరిగించి తీసుకుంటారు. సౌకార్‌పేటలో వాటిని కొనే షాపులున్నాయి. పనికిరాని ఫిల్ములన్నీ నేనే ఏరి గోనె సంచుల్లో పోయించాను. ఆ సంచులను మూడు చక్రాల బండి మీద వేసుకుని తోసుకుంటూ పోయింది ఏకాంబరం. అందులో ఆయన తలకాయ ఉందని నాకు గుర్తు కూడా రాలేదు.

తొంభైతొమ్మిది జనవరిలో ఒకరోజు ఆయన నడకలో తేడా చూశాను. ఏంటన్నా అంటే వాయువు అన్నాడు. నాలుగు నెలలుగా వాయువేనట. బలవంతాన మెషీనులో పడుకోబెట్టాను. వెన్నుపూసలు మూడు చెదలు తిన్న దూలంలాగా ఉన్నాయి. కాన్సరు ఎక్కడో మొదలై ఎముకల్లోకి దిగిపోయింది. ఎముకల్లోకి దిగిన నొప్పి ఎలా ఉంటుందో ఆ వార్డులో రెండేళ్ళుగా నేను వింటూనే ఉన్నాను. తలుపులు వేసినా వినబడుతుంది. అలాంటిది పెట్టుకుని ఆ మనిషి నాలుగు నెలలు స్ట్రెచర్లు తోశాడు.

ఆయన్ని ఆ వార్డులోనే, పదకొండో మంచం మీద చేర్చారు. కూలిపని మనిషి గనక మాత్ర సగం. తలగడ పక్కన బెల్లు. మొదటి రోజు చార్టులో బెల్లుల సంఖ్య సున్నా. రెండో రోజు సున్నా. వారం తిరిగింది, సున్నా. ఆయన దుప్పటి కొసను పళ్ళ మధ్య పెట్టుకుని పడుకుని ఉండేవాడు. కొస నమిలి నమిలి పీచులు తేలింది. దాన్ని చార్టులో రాయడానికి గడి లేదు.

నేనే వెళ్ళి ఆ బెల్లు కొట్టాను ఒకరోజు. లూర్దుమేరి వచ్చింది. నొప్పా ఏకాంబరం అని వంగి అడిగింది. ఏం లేదక్కా, పాప ఊరికే తెలవక కొట్టింది, మీరు పొండి అన్నాడు. ఆమె నా వైపు కోపంగా చూసి, ఆ బెల్లు చార్టులో రాయకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రం నాలుగింటికి చూడడానికి వచ్చినప్పుడు మునెమ్మ చెయ్యి బెల్లు మీదికి పోకుండా ఆయన పట్టుకునే ఉండేవాడట. సిస్టరమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎన్నిసార్లని తిప్పేది అనేవాడట.

ఇక నాకు ఉండబట్టలేదు. శ్రీకుమార్ గదికి వెళ్ళి మూడేళ్ళ కిందట చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఏకాంబరం ఎందుకు బెల్లు కొట్టలేదో, ఆ పదకొండు మందికి ఏం నేర్పాడో, ఆ బొబ్బ, కదలని తలకు ఫిల్ము మీద వచ్చిన ఆ తెలుపు, అన్నీ. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. తరువాత నెమ్మదిగా, ఆ ఫిల్ము తీసుకురండి చూద్దాం అన్నాడు. సౌకార్‌పేటకు పోయిందన్నాను. డిస్కు? మీరే చెరపమన్నారు సార్. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు.

"కదిలాడని దాని మీద రాసింది మీరే కదా భువనేశ్వరీ" అన్నాడు.

ఆయన కొంచెం మెత్తబడి, ఒకరి కోసం పద్ధతి మారిస్తే రేపు పద్నాలుగు మంచాలకూ మార్చాలి, మాత్రలు ఎక్కడివి, అతన్ని ఒక్కసారి బెల్లు కొట్టమనండి, ఒక్కసారి చాలు, రేపే నేను రెట్టింపు చేయిస్తాను అన్నాడు. ఒక్క బెల్లు. అంతే. దాని మీద ఆగిపోయింది ఆ మనిషి ప్రాణానికి సుఖం.

ఆ మాట మునెమ్మకు చెప్పాను. ఆ సాయంత్రం ఆమె ఆయన మంచం పక్కన చేసిన గొడవ వార్డంతా విన్నది. నీ మర్యాద తగలెయ్య, నన్ను చూసి అయినా కొట్టు, రేపు కొట్టకపోతే ఈ గడప తొక్కను, నా తల మీద చెయ్యేసి చెప్పు అన్నది. ఆయన చెయ్యి వేశాడు. రేపు కొడతాలే అన్నాడు. కొట్టేటప్పుడు సిస్టరుకు వేరే పని లేకుండా చూసి కొడతానన్నాడు.

మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు నేను వేరే పేషెంటు రిపోర్టు ఇవ్వడానికి ఆ వార్డుకు వెళ్ళాను. లూర్దుమేరి కిటికీ దగ్గర అటు తిరిగి మాత్రలు సగాలు చేస్తోంది. నేను గుమ్మంలో ఉండగా బెల్లు మోగింది. చిన్నగా, కొట్టీ కొట్టనట్టు ఒక్కసారి. పదకొండో మంచం. కొట్టాడు, కొట్టేశాడు అనుకుని నవ్వాను కూడా.

లూర్దుమేరి తల ఎత్తలేదు. రెండేళ్ళ అలవాటు.

"ఏకాంబరం, ఎవరో చూడు" అన్నది.

"ఇదో వస్తా ఉండానక్కా" అన్నాడు ఆయన. కాళ్ళు కింద పెట్టాడు.

నేను పరిగెత్తేసరికి మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిందికి చూస్తూ పాదాలతో నేల తడుముకుంటున్నాడు. అంతలో చెదలు తిన్న ఆ పూస విరిగింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు నాకు వినబడింది. కూలిపోయాడు. లూర్దుమేరి మాత్రల పళ్ళెం జారవిడిచి వచ్చి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. తలా గుండే బాదుకుంది. ఆయన ముఖం నిండా చెమట. ఆమె వైపు చూసి, తప్పు చేసినవాడిలాగా అన్నాడు.

"చెప్పులు కనపడలేదక్కా. దాంతోనే లేటు."

ఆ తరువాత అరిచాడు. ఏకాంబరం అరవగా ఆస్పత్రిలో ఎవరూ అంతకుముందు వినలేదు. అప్పుడు తాళాలు తెరుచుకున్నాయి. ఇంజెక్షను వచ్చింది. నడుము కింద ఇక ఏమీ తెలియలేదు ఆయనకు. నాలుగు రోజులు నిద్రపోయినట్టు ఉండి, నాలుగో రోజు మధ్యాహ్నం పోయాడు. శ్రీకుమార్ రౌండ్సులో చార్టు తిరగేసి పక్కనున్న కుర్ర డాక్టర్లతో, ఇరవై రెండు రోజుల్లో ఒకే ఒక్క బెల్లు అన్నాడు. ఆశ్చర్యంగా, గౌరవంగానే అన్నాడు. వాళ్ళు రాసుకున్నారు. నాకు ఆ చార్టు తీసుకుని ఆయన ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. నేనూ బెల్లు కొట్టలేని జాతిదాన్నే మరి. నాకైతే మర్యాద కాదు, జీతం.

పదహారో రోజు కర్మ అయ్యాక మునెమ్మ ఎమ్మారై గది గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆయన కూర్చున్న స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఆయనకు పెట్టుకోవడానికి సరైన ఫొటో లేదట. ఐడీ కార్డు మీదిది నీళ్ళు పడి చెరిగిపోయిందట. అప్పుడెప్పుడో తలకాయ లోపల ఫొటో తీశారంట గదా, నొప్పి అంతా దాంట్లో తెల్లంగా కనపడిందని నువ్వే డాక్టరుతో చెప్పినావంట, సిస్టరు చెప్పింది, అది ఇయ్యి పాపా, ఎవరు నమ్మకపోయినా నా ఇంట్లో పెట్టుకుంటా అన్నది.

అబద్ధం చెప్పవచ్చు. వెతుకుతానక్కా అని పంపించి ఉండవచ్చు. ఆ రోజు మాత్రం నోరు కుట్టుకోలేదు. ఫిల్ము లేదక్కా, వెండికి పోయింది, అన్నే తోసుకుని పోయాడు, పారేసింది నేను, తల కదిలింది గనక బొమ్మ చెడిందని దాని మీద రాసింది కూడా నేనే అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయన కదిలుండడు పాపా" అన్నది. "కదలొద్దని నువ్వు చెప్పినావు గదా."

అవును. నేనే చెప్పాను.